అంజూర చెట్టుకిచ్చిన సెలవు

కోనోకార్పస్ చెట్టు ఆకు రాల్చదని కువైట్ దేశమంతా నమ్ముతుంది. నమ్మని మనిషి ఒక్క గంగారత్నమే. ఎందుకంటే దాని కింద ఊడ్చేది ఆమె.

అక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని మామా అంటారు. జహ్రాలో గంగారత్నం పనిచేసే మామా ఇంటి ముందు పెద్ద ఆవరణ ఉంది. ప్రహరీ పొడుగునా పద్నాలుగు కోనోకార్పస్ చెట్లు బారులు తీరి ఉంటాయి. కారు తలుపు మీద చెయ్యి పెడితే బొబ్బ లేచే ఎండలో కూడా ఆ చెట్లకి చీమ కుట్టినట్టయినా ఉండదు. దుమ్ముగాలి లేచి మూడు రోజులు ఆకాశం ఎర్రగా మారినా, ఏసీల నుంచి కారే నీళ్ళు తప్ప ఇంకేం పొయ్యకపోయినా అవి పచ్చగానే ఉంటాయి. శుక్రవారం వచ్చే చుట్టాలు వాటిని చూసి మాషాల్లా అంటారు. వాళ్ళదేం పోయింది, అనేసి లోపలికెళ్ళి ఖవా కాఫీ తాగుతారు. ఆ చెట్టు ఆకు రాలుస్తుంది. రోజూ రాలుస్తుంది. పొద్దున ఒక చేట, సాయంత్రం ఒక చేట. ఒక్కసారిగా రాల్చదు కాబట్టి ఎవరి కంటా పడదు, అంతే. ఒకటి రాలుతుండగానే ఇంకోటి మొలుచుకొచ్చేస్తుంది. దూరం నుంచి చూసేవాళ్ళకి చెట్టు నిండుగా ఉంటుంది. పదకొండేళ్ళ నుంచి రోజుకి రెండుసార్లు ఎత్తిపోస్తున్న మనిషికి ఆ నిండుతనం ఏపాటిదో తెలుసు.

నవంబరు ఆఖరి వారం. మొదటి వాన పడి వెలిసింది. మామా కొడుకులు ఎడారిలో గుడారం వేసుకునే రోజులు వచ్చాయి కాబట్టి ఆ తివాచీలు దులపాలి, శుక్రవారం కూతుళ్ళు పిల్లలతో వస్తారు కాబట్టి ఆవరణంతా కడగాలి, చెట్లు కత్తిరించి కొమ్మలు మూటలు కట్టాలి. బుధవారం పొద్దున్నే గంగారత్నం కొబ్బరి ఈనెల చీపురు పట్టుకుని దిగింది. ఆ చీపురు ఆమె ఊరి నుంచి తెచ్చుకున్నది. మొదటిసారి పెట్టెలో చూసి విమానాశ్రయంలో ఒకాయన ఇదేమిటని అడిగితే ఏం చెప్పాలో తెలీక ఊడ్చి చూపించింది. అక్కడి ప్లాస్టిక్ చీపుళ్ళు ఈ సన్నాకుల్ని పట్టుకోవు. ఇది మూడోది. ఆమెలాగే ఇదీ అరిగి మూరెడైంది.

ఆమెది కోనసీమ. అక్కడ కూడా ఇంతే. ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని వచ్చి, ఆహా ఏం పచ్చదనం అని ఫొటోలు తీసుకుని పోతారు. ఆ కొబ్బరిచెట్ల కింద పొద్దున్నే మట్టలు ఈడ్చి, ఆకులు చీరి, ఈనెలు గీసి చీపుళ్ళు కట్టే ఆడవాళ్ళ చేతులు ఎవరూ ఫొటో తియ్యరు. తీసినా ఏముంటుంది అందులో, గీతలు తప్ప. అత్తగారికి పచ్చదనమంటే ప్రాణం. సెలవు మీద వెళ్ళినప్పుడల్లా వీధిలో వాళ్ళకి గంగారత్నాన్ని చూపించి, "మా కోడలికి కువైట్ నీళ్ళు పడ్డాయండి, ఎప్పుడొచ్చినా పచ్చగానే ఉంటాది" అని మురిసిపోయేది. ఆ పచ్చగా ఉన్న మనిషి సెలవు రెండు నెలలూ పొయ్యి దగ్గర నిలబడే ఉండేది. చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ వండాలి కదా మరి. కువైట్లో ఒక మామా, ఊళ్ళో ఇరవై మంది మామాలు. సెలవు అయిపోయి విమానమెక్కి కూర్చున్నాక, ఆ అయిదు గంటలూ ఎవరూ లేవమనరని ఆమెకి ఏడుపొచ్చినంత సుఖంగా ఉండేది. ఇలాంటివి పైకి చెబితే పొగరనుకుంటారని ఎవరికీ చెప్పలేదు.

ఆవరణ మధ్యలో పాత అంజూర చెట్టొకటి ఉంది. మామా భర్త బతికున్న రోజుల్లో నాటింది. దాని తీరే వేరు. వేసవంతా పళ్ళిస్తుంది, చలి మొదలవగానే ఆకులన్నీ పసుపుపచ్చగా చేసుకుని బద్దకంగా రాల్చేసి, మూడు నెలలు ఎండుకర్రలా నిలబడుతుంది. మొదటేడు గంగారత్నం అది చచ్చిపోయిందని హడలిపోయింది. తన చేతుల్లో పోయిందంటారేమోనని రెండు బకెట్ల నీళ్ళు ఎక్కువ పోసింది. మామా కిటికీలోంచి చూసి, మోకాళ్ళ నెప్పులతో కర్ర పట్టుకుని బయటికొచ్చి, చెట్టు మొదలు మీద చెయ్యేసి, "ఖల్లీహా. తాబానా" అంది. దాన్ని వదిలెయ్, అలిసిపోయింది అని. అలిసిపోయినా తాబానాయే, ఒంట్లో బాగాలేకపోయినా తాబానాయే ఆ భాషలో. అప్పట్నుంచి ఏటా ఈ రోజుల్లో మామా ఆ మాట అంటూనే ఉంది. నీళ్ళు తక్కువ పోయాలి, కొమ్మకి చీపురు తగలకూడదు, పిల్లలు ఊగకూడదు. ఏమిచ్చావని దాన్ని ఎవరూ అడగరు. పదకొండేళ్ళలో ఆ మాట ఒక్కసారైనా తన గురించి అంటుందేమోనని గంగారత్నం చెవులు రిక్కించి వింది. అన్లేదు. చెట్టుకున్న పరువు నాకు లేకపోయిందే అని మనసులో అనుకుని, మళ్ళీ తనే సిగ్గుపడింది. చెట్టుతో పోటీ ఏమిటి, మతి గానీ పోయిందా అని.

మతి పోలేదు. పోతున్నది రక్తం. ఏడాదిగా నెలలో పదిహేను రోజులు ఆగడం లేదు. నల్ల లంగా వేసుకుని, దాని మీద నల్ల గౌను వేసుకుని, నడుముకి తువ్వాలు చుట్టుకుని మెట్లు తుడుస్తోంది. తుడిచిన మెట్టు మీద తన చుక్క పడిందేమోనని వెనక్కి చూసుకుంటూ దిగుతోంది. పది రోజుల కింద కళ్ళు బైర్లు కమ్మి ఇస్త్రీ బల్ల పట్టుకుని కూలబడితే, డ్రైవరు షావలి క్లినిక్కుకి తీసుకెళ్ళాడు. అక్కడ నర్సు నిస్సీ. కాకినాడ వైపు పిల్ల, నోట్లో మాట దాచుకోదు.

"అక్కా, నీకు రక్తం ఆరే ఉంది. పన్నెండు ఉండాలి. గర్భసంచి నిండా గడ్డలు. నెల్లోపు తీసేయించుకోవాలి. లేకపోతే ఏదో ఒకరోజు మెట్ల మీదే పోతావ్."

"ఇక్కడ చేస్తారామ్మా?"

"చేస్తారు. చేసిన మూడోరోజు పంపించేస్తారు. ఆ తర్వాత మూడు నెలలు బకెట్టు కూడా ఎత్తకూడదు. ఎక్కడ పడుకుంటావ్?"

గంగారత్నం గది వాషింగ్ మిషన్ పక్కన. గోడకి గంట ఉంటుంది, మామా పైనుంచి నొక్కితే మోగుతుంది. ఆపరేషను అయిందని గంటకి తెలీదు కదా. "ఊళ్ళో ఇల్లుందిలేమ్మా, మేడ కట్టాం" అంది. నిస్సీ "మంచిది" అని మందులు రాసిచ్చింది. కారులో వస్తున్నంతసేపూ ఆ పిల్ల అడిగిన మాటే చెవిలో గింగురుమంది.

మేడ కట్టిన మాట నిజమే. కువైట్ డబ్బుతో, ఆమె చెప్పిన రంగు తప్ప అన్నీ ఉన్న మేడ. గృహప్రవేశం పోయినేడు. రంజాన్ నెలలో పడింది ముహూర్తం, మామా పంపనంది. భర్త ఏడుకొండలు, "ముహూర్తం మన కోసం ఆగుద్దా ఏంటి, కానిచ్చేత్తాం" అన్నాడు. పీటల మీద దంపతులు కూర్చోవాలి, ఎలాగని ఆమె కంగారుపడితే పంతులుగారు ఉపాయం చెప్పారట. భార్య దూరదేశంలో ఉంటే ఆమె చీర కూర్చోబెడితే సరిపోతుందట. గంధం రంగు పట్టుచీర కొత్తది కొని, మడిచి, పసుపుకొమ్ము కట్టి, బొట్టు పెట్టి, ఏడుకొండలు ఎడంపక్కన పీట మీద పెట్టారు. ఆయన ఉత్తరీయానికీ ఆ చీర కొంగుకీ ముడి వేశారు. పూజంతా ఆయన ఆ చీరతో కలిసి చేశాడు. గంగారత్నం వాషింగ్ మిషన్ మీద ఫోను ఆనించి పెట్టుకుని, మామా కొడుకులు తొడుక్కునే తెల్లటి పొడుగు అంగీలు, దిష్‌దాషాలు ఇస్త్రీ చేస్తూ చూసింది. హారతి అప్పుడు అందరూ లేచారు, చీరని కూడా జాగ్రత్తగా రెండు చేతులతో లేపారు. అంత జాగ్రత్తగా తననెవరూ ఎప్పుడూ లేపలేదని ఆమెకి ఆ క్షణాన అనిపించి నవ్వొచ్చింది. నవ్వులోనే దిష్‌దాషా చెయ్యి మాడింది. అత్తగారు ఆ సాయంత్రం ఫోన్లో, "నువ్వు లేవన్న లోటే కనపళ్ళేదే రత్నం. ఎంత నిండుగా ఉందో పీట" అంది. మెచ్చుకోలుగానే అంది, పాపం. ఆ చీర ఇప్పుడు ఆ ఇంటి లక్ష్మి. మైల తగలకూడదని పసుపుబట్టలో చుట్టి, కర్పూరం వేసి, బీరువా పై అరలో దాచింది అత్తగారు. ఆడవాళ్ళు నెలసరి రోజుల్లో ఆ బీరువా తలుపు కూడా తియ్యకూడదు.

ఆపరేషను సంగతి చెప్పినప్పుడు ఏడుకొండలు చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనానికే ఆమె కరిగిపోయింది, బాధపడుతున్నాడు కాబోలని. ఆ తర్వాత నోరు విప్పాడు.

"ఇప్పుడిక్కడికొచ్చి ఏం చేత్తావే? మూడు నెలలు మంచమెక్కితే ఎవరు చూత్తారు? అమ్మకి చూత్తే మోకాళ్ళు. నాకా పొయ్యి ముట్టించడం రాదు. అక్కడైతే పెద్ద పెద్ద డాట్టర్లుంటారు, ఆళ్ళ దగ్గరే కానిచ్చెయ్."

"మన ఇంట్లో పడుకుంటానండి. మేడ మీద నా గదిలో."

"నీ గదేంటి, అది బేంకాయనకిచ్చాం గదా. ఖాళీగా ఉంటే బూజులు పట్టేత్తందని. పెళ్ళాంబిడ్డలున్నోడు, ఇప్పుడు లెగమంటే ఏం బాగుంటాది? అయినా ఆడోళ్ళకి ఆ వయసులో మామూలేనంట అదంతా. అమ్మకీ అయ్యిందంట."

"సరేలెండి" అంది గంగారత్నం. ఆ మాట ఆమె నోటికి అలవాటైపోయింది. ఆ మర్నాడు రాజమండ్రిలో ఉన్న కూతురు అరుణజ్యోతి ఫోను చేసి, "అమ్మా, మా ఇంటికి రా అందామంటే మా అత్తగారు..." అని ఆగిపోయింది. "వద్దులే నాన్నా, నాకేం, బాగానే ఉన్నాను" అని కూతుర్ని ఓదార్చి పెట్టేసింది. నలుగురికీ నాలుగు గదులున్న మేడ కట్టిన మనిషికి మూడు నెలలు మంచం వేసుకునే చోటు లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీక ఆ రోజంతా గిన్నెలు తోమిందే తోమింది.

ఈ బుధవారం పొద్దున ఊడుస్తున్నా అదే ఆలోచన. కువైట్లో ఉండి పనిచేసుకోడానికిచ్చే అనుమతి, ఇఖామా, గడువు డిసెంబరుతో అయిపోతుంది. పొడిగించకపోతే ఖలాస్, ఇంటికి పంపేస్తారు, టికెట్టు కూడా మామాయే ఇస్తుంది. కాబట్టి ఈ నెలలోనే నోరు విప్పి అడగాలి. ఎలా అడగాలా అని మూడు రోజులుగా మాటలు కూర్చుకుంటోంది. కోనోకార్పస్ కింద ఆకు ఒక చోటికి చేర్చి వంగేసరికి పొత్తికడుపులో చెయ్యి పెట్టి పిండినట్టయింది. చెట్టు పట్టుకుని నిలబడింది. తువ్వాలు తడిసిపోయి కాలి మీదికి వెచ్చగా దిగింది. ఏదీ పైకి కనపడదు, నల్ల గౌను ఎంత మంచిదో. పైన ఆకు మాత్రం నిగనిగలాడుతోంది.

అవతల కారు కడుగుతున్న షావలి గొట్టం కట్టేసి వచ్చాడు. రాయచోటి మనిషి, నలభై దాటాయి, ఎనిమిదేళ్ళుగా అక్కా అంటూ తిరుగుతాడు. మామాకి గంగారత్నం అరబీ సగమే అర్థమవుతుంది కాబట్టి ముఖ్యమైన మాటలన్నీ అతనే అటూ ఇటూ చేరవేస్తాడు.

"ఏమక్కా, అట్ల నిలబడితివే. ఉండు, కొమ్మలు నేను కట్టిస్తా." నాలుగు కొమ్మలు ఎత్తి మూటగట్టి, "ఆపరేషను ఈడనే సేపించుకుంటావా అయితే?" అన్నాడు.

"లేదు షావలీ. ఇఖామా వద్దని చెప్పి ఇంటికెళ్ళిపోదామని."

అతను తాడు వదిలేశాడు. "ఇఖామా పొడిగించి కొట్టేసినారు గదక్కా. ఇంకో రెండేండ్లకి."

"ఎవరు చెప్పారు కొట్టమని?"

"మీ ఇంటాయనే. ఆదివారం నాకు ఫోన్ సేసినాడు. ఆమె ఊరికే భయపడతాంది, ఇంకా రెండేండ్లు ఉంటాదని మామాకి సెప్పు తమ్ముడా అన్న్యాడు. నీకు తెలిసే సెప్పిస్తా ఉండాడనుకున్యా. పోయి మామాకి సెప్పినా. ఆయమ్మ సంతోషపడి అప్పుడే ఫోన్లో డబ్బు కట్టి నొక్కేసింది."

"నన్నొక్క మాట అడగాలని తోచలేదా నీకు?"

షావలి తల దించుకున్నాడు. "మొగుడు సెప్పినాక ఇంకా నిన్ను అడిగేదేముండాదిలే అనుకున్యా అక్కా. తప్పే."

తప్పని అతనొక్కడే అన్నాడు, అది మెచ్చుకోవాలి. మొగుడు మాటిచ్చాడు, డ్రైవరు చేరేశాడు, మామా నొక్కింది. మధ్యలో మనిషొకతె ఉందని ముగ్గురిలో ఎవరికీ గుర్తురాలేదు. పోయినేడు పీట మీద చీర కూర్చుంది, ఈ ఏడు మామా ముందు షావలి నోరు మాట్లాడింది. ఆమె రావాల్సిన చోటికల్లా ఆమె బదులు ఇంకోటి వెళ్ళి పని కానిచ్చుకొచ్చింది. ఊడ్చే దగ్గర, తోమే దగ్గర మాత్రం ఆమె బదులు ఎవరూ రారు. అక్కడ చీర పనికిరాదు. ఇది తట్టగానే గంగారత్నానికి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా చల్లబడి, బుర్ర మాత్రం తేటగా అయింది.

కర్ర చప్పుడైంది. మామా నెమ్మదిగా మెట్లు దిగి అంజూర దగ్గరికి వచ్చింది. రాలిన ఆకుల వైపు, బోసిపోయిన కొమ్మల వైపు చూసింది.

"రత్నా, దీని కింద చేత్తో ఏరు. చీపురు తగలనివ్వకు. ఖల్లీహా. తాబానా."

గంగారత్నం చీపురు కింద పెట్టింది. నడిచి వెళ్ళి మామా ఎదురుగా నిలబడింది. షావలి వైపు చూడలేదు. వచ్చిన సగం అరబీతోనే మాట్లాడింది.

"మామా, అనా తాబానా." అనా అంటే నేను.

"పెనడాల్ బిళ్ళ వేసుకో."

"పెనడాల్‌తో పోదు. ఒంట్లో రక్తం లేదు. ఆపరేషను చేయించుకోవాలి, మూడు నెలలు పడుకోవాలి. ఇఖామా కొట్టమని నేను చెప్పలేదు."

"నీ మొగుడు చెప్పాడు" అంది మామా, ఇందులో నా తప్పేముంది అన్నట్టు.

"రక్తం పోయేది నాకు మామా. ఆయనకి కాదు."

ముసలామె కర్ర మీద బరువు మార్చుకుంది. "రంజాన్ అయ్యాక వెళ్ళు."

"అప్పటిదాకా ఉండను."

"నువ్వెళితే నా పని ఎవరు చేస్తారు?"

అదీ సంగతి. ఊళ్ళో ఏడుకొండలు అడిగిందీ అదే, ఇక్కడ మామా అడుగుతున్నదీ అదే. ఎవరు చూస్తారు, ఎవరు చేస్తారు. డెబ్బయ్యేళ్ళ మనిషి, మోకాళ్ళు పట్టేసిన మనిషి, ఆమె భయం ఆమెది. గంగారత్నానికి జాలి వేసింది కూడా. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ జాలిని పక్కన పెట్టింది.

"ఈ చెట్టు నిద్రపోయినప్పుడు, ఈ మూడు నెలలూ పళ్ళు ఎవరిస్తారని మీరు దాన్ని ఎప్పుడూ అడగలేదు మామా."

మామా ముఖంలో కోపం వచ్చింది, ఆగింది. ఆమె చూపు గంగారత్నం కాళ్ళ మీద పడింది. గచ్చు మీద, చెప్పు పక్కన, రూపాయి బిళ్ళంత ఎర్రటి చుక్క. ఇంకోటి. ముసలామె ఆ చుక్కల్ని చూసింది. ఆమె కూడా అయిదుగుర్ని కన్నదే.

"పాస్‌పోర్టు రేపు తీసిస్తాను. ఇఖామా డబ్బు కట్టేశాను కాబట్టి టికెట్టు నేనివ్వను" అంది చివరికి. మంచి మాట ఇంకేం అనలేదు. కర్ర పొడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "కూర్చో" అంది.

గంగారత్నం అంజూర చుట్టూ కట్టిన సిమెంటు గట్టు మీద కూర్చుంది. పదకొండేళ్ళుగా ఆ గట్టు కడిగింది గానీ దాని మీద కూర్చోలేదు. చల్లగా ఉంది. కుడి చేతి బంగారు గాజులు రెండూ తిప్పి చూసుకుంది, టికెట్టుకి సరిపోతాయి. షావలి మంచినీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టి, మిగతా కొమ్మలు తనే కట్టడం మొదలెట్టాడు. కోనోకార్పస్ చెట్లు ఎప్పట్లాగే గుప్పెడు ఆకు రాల్చాయి, ఊడ్చిన చోటే. రాలనీ అనుకుంది. ఫోను తీసి, వాట్సాప్‌లో భర్త పేరు తెరిచి, మాట రికార్డు చేసి పంపడానికి మైకు బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుంది.

"ఏవండీ, నేను. షావలి అంతా చెప్పాడు. పదో తారీకున వచ్చేత్తన్నాను. ఆపరేషను అమలాపురంలో చేయించుకుంటాను. వంట చెయ్యడానికి రావట్లేదండి, పడుకోడానికి వత్తన్నాను. మేడ మీద నా గది ఖాళీ చేయించండి. చేయించకపోతే వీధరుగు మీద మంచం వేసుకుంటాను. వచ్చేపోయేవాళ్ళు ఏంటమ్మా ఇక్కడ పడుకున్నావని అడుగుతారు, మీరే చెప్పుకుందురు గాని. ఇంకో మాట. గృహప్రవేశం నాడు నా బదులు మీ పక్కన కూర్చుంది చూడండి, ఆ పట్టుచీర. అత్తయ్యగారినడిగి బీరువాలోంచి తీయించి నా మంచం మీద పరిచి ఉంచండి. నాకింకా రక్తం ఆగలేదు. మరక పడుద్ది. పడనివ్వండి."